పాత రాతి ఇంటికి ఎంత బాయిలర్ కావాలి?

ఐర్లండ్ పల్లెల్లోనూ, వేల్స్, స్కాట్లండ్ కొండ ప్రాంతాల్లోనూ గ్యాస్ పైపు చేరని పాత ఇళ్లు ఇప్పటికీ చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నూరేళ్లు దాటినవి, రాతితో సున్నం వేసి కట్టినవి. చలికాలంలో అలాంటి ఇల్లంతా వెచ్చగా ఉంచాలంటే ముఖ్యమైన దారులు మూడు. పెరటి ట్యాంకులో కిరోసిన్ నింపుకుని నూనె బాయిలర్ నడపవచ్చు, కరెంటుతో నడిచే హీట్ పంపు పెట్టుకోవచ్చు, లేదా కట్టెలు, బొగ్గు, బురద నేలల్లో తవ్వి తీసే పీట్ వంటివి కాల్చే బాయిలర్ పెట్టుకోవచ్చు. ఈ మూడోదాన్నే మల్టీఫ్యూయల్ బాయిలర్ అంటారు. తెలుగులో బహు ఇంధన బాయిలర్ అనుకోవచ్చు. కొనబోయేవాళ్లు మొదట అడిగేది "మా ఇంటికి ఎన్ని కిలోవాట్లది కావాలి?" అని. ఆ వెంటనే అడిగేది "ఏది దొరికితే అది వెయ్యొచ్చా?" అని.

మొదటి ప్రశ్నకు దుకాణంలో గదులో, వాటిలో వేడినీరు తిరిగే రేడియేటర్లో లెక్కపెట్టి ఒక అంకె చెప్పేస్తుంటారు. ఆ అంకె చాలాసార్లు అవసరానికి మించే ఉంటుంది. అసలు లెక్క మొదలుపెట్టాల్సింది గోడ దగ్గర.

వేడి ఎటు పోతుంది?

బాయిలర్ పని ఇంటిని వెచ్చబెట్టడం అనుకుంటారు. నిజానికి ఇల్లు ఒకసారి వెచ్చబడ్డాక దాని పని పోయిన వేడిని పోయినట్టే భర్తీ చెయ్యడం. కాబట్టి గంటకు ఎంత పోతోందో తెలిస్తే ఎంత బాయిలర్ కావాలో తెలిసినట్టే.

ఈ లెక్కకు ఇంజనీర్లు యు-విలువ అనే అంకె వాడతారు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు గోడ గుండా ఎన్ని వాట్ల వేడి పోతుందో అది చెబుతుంది. అంకె ఎంత చిన్నదైతే గోడ అంత మంచిది. బ్రిటన్‌లో 1920ల తర్వాత కట్టిన ఇళ్లలో మధ్యలో ఖాళీ వదిలిన జంట గోడలు మామూలయ్యాయి. ఆ ఖాళీలో తర్వాత దూది వంటి పదార్థం నింపుకోవచ్చు. అంతకుముందువి నిండు గోడలు, వాటిలో నింపడానికి ఖాళీ ఉండదు. ఈ నిండు గోడలకు చాలాకాలం 2.1 అని లెక్క కట్టేవారు. ఇళ్లకు వెళ్లి కొలిచి చూస్తే అంత చెడ్డగా లేవని తేలింది. దాంతో లెక్కల్లో వాడే అంకెను 1.7కి దించారు. అయినా కొత్త ఇంటి గోడ 0.2 చుట్టుపక్కల ఉంటుంది కనుక, పాత గోడ దానికి ఎనిమిది రెట్లు వేడిని పారబోస్తున్నట్టే.

ఒక ఇంటిని ఊహించుకుందాం. రెండంతస్తులు, బయటి గోడలు 120 చదరపు మీటర్లు, అదే లెక్కన కిటికీలు 15, పైకప్పు 60, నేల 60. ఒక డిగ్రీ తేడాకు గోడల గుండా పోయేది సుమారు 204 వాట్లు. అటక మీద ఏమీ పరవకపోతే కప్పు గుండా 138. ఒంటి అద్దం కిటికీల గుండా 75, నేల గుండా ఓ 36. వీటికి తోడు సందుల్లోంచి వచ్చిపోయే గాలి ఉంది. తలుపుల కింద, కిటికీ చట్రాల పక్కన, వాడని పొగగొట్టంలో గాలి ఆడుతూనే ఉంటుంది. ఇంట్లో గాలి గంటకు ఒకటిన్నర సార్లు మారిపోతోందనుకుంటే అది మోసుకుపోయేది 150 వాట్లు. అంతా కలిపితే డిగ్రీకి సుమారు 600 వాట్లు. బయట సున్నాకు రెండు డిగ్రీలు దిగువన ఉన్న రాత్రి లోపల 20 డిగ్రీలు ఉండాలంటే తేడా 22. ఇంటికి కావలసింది 13 కిలోవాట్లు.

ఇప్పుడు అటక మీద 270 మిల్లీమీటర్ల మందాన గ్లాస్ ఊలు పరిస్తే కప్పు గుండా పోయే 138 వాట్లు పదికి పడిపోతాయి. తలుపులకూ కిటికీలకూ సందులు మూసే పట్టీలు బిగించి, వాడని పొగగొట్టాన్ని లోపలి తేమ ఆరేందుకు చిన్న గాలిదారి మాత్రం వదిలి మూస్తే గాలి నష్టం మూడింట ఒక వంతు తగ్గుతుంది. గోడను ముట్టుకోనేలేదు, కిటికీ మార్చలేదు. అవసరం 13 కిలోవాట్ల నుంచి తొమ్మిది చిల్లరకు దిగింది. ముందే కొన్న బాయిలర్ ఈ పని అయ్యాక పెద్దదైపోతుంది. అందుకే అటక పని ముందు, బాయిలర్ తర్వాత.

గోడల జోలికి వెళ్లేటప్పుడు మాత్రం తొందర పనికిరాదు. సున్నంతో కట్టిన రాతిగోడ వర్షంలో కొంత తడిని పీల్చి, ఎండలో గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూసినా, లోపలివైపు ప్లాస్టిక్ పొరతో బోర్డులు బిగించినా తడి అక్కడే చిక్కుకుంటుంది, గోడలో దాగిన దూలాల కొనలు కుళ్లుతాయి. తడి గోడ పొడి గోడ కంటే వేడిని ఎక్కువ పోగొడుతుంది కూడా. కారే తూము బాగుచెయ్యడం, సిమెంటు గీకేసి మళ్లీ సున్నం పట్టించడం లాంటి పనులు వేడి లెక్కలోకి వస్తాయని చాలామందికి తట్టదు.

పెద్దదైతే నష్టమేమిటి?

గ్యాస్ బాయిలర్ కాస్త పెద్దదైనా పెద్ద ఇబ్బంది లేదు, కావలసినంత సేపు మండి ఆరిపోతుంది. కట్టెల మంట అలా కాదు. వేసిన మోపు వేసినట్టు కాలాల్సిందే. వేడి చాలనిపించినప్పుడు బాయిలర్ చెయ్యగలిగింది ఒక్కటే, గాలి తలుపు మూసి మంట గొంతు నొక్కడం. అప్పుడు కట్టె మండదు, కమురుతుంది. దానిలోంచి వచ్చే వాయువులు కాలకుండానే పొగగొట్టంలోకి పోయి, చల్లని గోడలకు తారులా పేరుకుంటాయి. ఏదో ఒక రాత్రి పెద్ద మంట వేసినప్పుడు ఆ తారు అంటుకుంటే పొగగొట్టమే కాలుతుంది.

మన ఊహల ఇంటికి తొమ్మిది కిలోవాట్లు చాలన్నది కూడా ఏడాదిలో కొద్దిపాటి రాత్రులకే. ఐర్లండ్ చలికాలంలో సగటున ఐదారు డిగ్రీలు ఉంటుంది. ఆ రోజుల్లో ఆరు కిలోవాట్లు సరిపోతాయి. అక్కడ ఇరవై కిలోవాట్ల బాయిలర్ పెడితే చలికాలమంతా మూడో వంతు బలంతో కమురుతూనే గడుపుతుంది.

ఈ చిక్కుకు ఒక మంచి విరుగుడు ఉంది: నీళ్ల నిల్వ ట్యాంకు. బాయిలర్ వేడిని నేరుగా రేడియేటర్లకు పంపకుండా, మందంగా దుప్పటి చుట్టిన పెద్ద ట్యాంకులోకి పంపుతారు. వెయ్యి లీటర్ల నీటిని 40 డిగ్రీలు పెంచితే సుమారు 46 యూనిట్ల వేడి దానిలో దాగుతుంది. ఈ యూనిట్ కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే. సాయంత్రం ఇరవై కిలోవాట్ల బాయిలర్‌ను మూడు గంటల పైచిలుకు నిండు మంటతో కాల్చితే, అందులో ఇంటికి పోను మిగిలింది ట్యాంకును నింపేస్తుంది. ఆపై మంట ఆరిపోయినా ఇల్లు ఏడెనిమిది గంటలు ట్యాంకు మీద నడుస్తుంది. మంట ఎప్పుడూ నిండుగానే కాలింది, పొగ తగ్గింది, తెల్లవారుజామున లేచి కట్టె వెయ్యక్కర్లేదు. బాయిలర్ ఒక కిలోవాట్‌కు కనీసం 50 లీటర్ల నిల్వ ఉండాలన్నది పనివాళ్ల వాడుక లెక్క. ట్యాంకు ఉంటే పెద్ద బాయిలర్ తప్పు కాదు, లేకపోతే దాదాపు ఎప్పుడూ తప్పే. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను దాటుతుంది కనుక, పాత చెక్క నేల మీద దాన్ని నిలబెట్టలేరు. పక్క కొట్టంలోనో గచ్చు నేల మీదో చోటు చూడాలి.

"అన్నీ కాలుస్తుంది" అంటే

ఈ యంత్రంలోని మూల సూత్రం తెలుగు ఇళ్లకు కొత్త కాదు. పెరటి స్నానాల గదిలో ఉండే రాగి బాయిలర్ అచ్చంగా ఇదే. మధ్యలో నిలువు గొట్టం, అందులో నిప్పు, చుట్టూ నీళ్లు, అడుగున ఊచలు, ఊచల కింద బూడిద. గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే ఆ పక్క కొమ్ములోంచి చెంబెడు వేణ్నీళ్లు వస్తాయి. అందులో బొగ్గులు వేసినా, కొబ్బరి చిప్పలు వేసినా, ఎండు పుల్లలు వేసినా నీళ్లు కాగుతాయి. అయితే ఏది వేస్తే ఎలా కాలుతుందో అక్కడే కనిపిస్తుంది. పుల్లలు వేస్తే గొట్టం పైనుంచి మంట పొడుగ్గా లేస్తుంది, ఓ పక్క పొగ వస్తుంది. బొగ్గులు వేస్తే మంట కనిపించదు, అడుగున ఎర్రగా కణకణలాడుతూ ఉంటుంది, పొగ దాదాపు ఉండదు.

తేడా ఇంధనం స్వభావంలోనే ఉంది. ఎండు కట్టె బరువులో ఇంచుమించు 80 శాతం, వేడి తగలగానే వాయువులుగా మారి బయటికి వచ్చేస్తుంది. కట్టె మంట అంటే ఎక్కువగా ఈ వాయువుల మంటే. అవి కాలాలంటే గాలి పైనుంచి అందాలి, పైన చోటు ఉండాలి. ఆంత్రసైట్ అనే గట్టి రాతిబొగ్గులో అలాంటి వాయువులు పదోవంతు కూడా ఉండవు. సింగరేణిలో దొరికేది ఈ రకం కాదు. ఆంత్రసైట్ ఉన్నచోటే ఉండి కాలుతుంది, గాలి దానికి కింది నుంచి ఊచల సందుల్లోంచి రావాలి. కట్టెకు అడుగున కాస్త బూడిద పరుపు ఉంటే మేలు. బొగ్గుకు ఆ బూడిదే శత్రువు, ఊచల మీద పేరుకుంటే గాలి ఆగి ఊచలే వేడెక్కి వంకరపోతాయి.

బహు ఇంధన బాయిలర్ ఈ రెంటి మధ్య రాజీ. కింద కదిలే ఊచలు, బూడిద దులపడానికి పిడి, గాలికి కిందొకటి పైనొకటి రెండు దారులు ఉంటాయి. రాజీ కనుక దేనికీ పూర్తిగా న్యాయం చెయ్యదు. కట్టెకే ప్రత్యేకించి చేసిన గ్యాసిఫికేషన్ బాయిలర్‌లో కట్టెల వాయువులను కింది గదిలోకి లాగి, వెయ్యి డిగ్రీల వేడిలో విడిగా కాలుస్తారు. కట్టెలోని వేడిలో 90 శాతం దాకా నీటికి ఎక్కుతుంది. మంచి బహు ఇంధన బాయిలర్ 70 నుంచి 80 శాతం దగ్గర ఆగుతుంది. పాతకాలపు తెరిచిన నిప్పుగూడుతో పోలిస్తే మాత్రం ఇదీ గొప్పే, అక్కడ నాలుగింట మూడు వంతుల వేడి పొగగొట్టం పాలు.

బాయిలర్ మీద రాసిన కిలోవాట్లు ఏ ఇంధనానికో తప్పకుండా చూడాలి. కిలో ఆంత్రసైట్‌లో దాదాపు తొమ్మిది యూనిట్ల వేడి ఉంటే, బాగా ఎండిన కిలో కట్టెలో నాలుగే ఉంటుంది. పైగా కట్టె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అదే పెట్టెలో బొగ్గు నింపితే రాత్రంతా కాలేది కట్టె నింపితే మూడు గంటలకు చల్లారుతుంది. ఆంత్రసైట్‌తో పరీక్షించి ఇచ్చిన అంకెను నమ్మి కట్టెలు కాల్చుకునేవాళ్లు ఇల్లు వెచ్చబడలేదని బాయిలర్‌ను తిడుతుంటారు.

కట్టెలోని తడి మరో పెద్ద సంగతి. అప్పుడే కొట్టిన చెట్టులో సగం బరువు నీరే. ఆ నీరంతా ఆవిరి అయ్యేదాకా మంట దాని పనే చూస్తుంది. కిలో పచ్చి కట్టె ఇచ్చేది రెండు యూనిట్ల పైచిలుకు. 20 శాతం తడికి ఎండిన కట్టె అయితే కిలోకు నాలుగు ఇస్తుంది. బరువు లెక్కన పచ్చి కట్టె కొనేవాడు సగం డబ్బు నీటికి పోస్తున్నాడు. చీల్చి, పైన కప్పి, పక్కల గాలి ఆడేట్టు పేర్చి ఒకటి రెండేళ్లు ఆరబెడితేగాని ఆ 20 శాతం రాదు. రెండు ముళ్లతో గుచ్చి చూసే చవక తడి మీటరు ఒకటి కొనుక్కోవడం మంచిది. గుచ్చాల్సింది కట్టె కొనకు కాదు, అప్పుడే చీల్చిన లోపలి ముఖానికి.

మన ఇంటికి ఏడాదికి సుమారు 20 వేల యూనిట్ల వేడి కావాలి. బాయిలర్ నాలుగింట మూడు వంతులు పట్టుకుంటుందనుకుంటే కావలసింది ఇంచుమించు ఆరున్నర టన్నుల ఎండు కట్టె, లేదా మూడు టన్నుల ఆంత్రసైట్. ఆరున్నర టన్నుల కట్టె పేరిస్తే పదిహేను ఘనపు మీటర్లు దాటవచ్చు. ఈ ఏడాదిది కాలుతుంటే వచ్చే ఏడాదిది ఎండుతుండాలి కాబట్టి చోటు రెట్టింపు. పట్నం అంచున చిన్న పెరడున్న ఇంటివాళ్లకు కట్టె కల ఇక్కడే ముగుస్తుంది.

కట్టె, బొగ్గు రెండూ ఒకేసారి కలిపి కాల్చడం మంచిది కాదు. బొగ్గులోని గంధకం, కట్టెలోంచి వచ్చిన నీటి ఆవిరి పొగగొట్టంలో కలిసి ఆమ్లమవుతాయి. గొట్టం లోపలి ఉక్కు తొడుగును అది తినేస్తుంది. కాబట్టి "అన్నీ కాలుస్తుంది" అన్న మాటకు అసలు అర్థం, ఒక్కొక్కటిగా కాలుస్తుందని. చాలా ఇళ్లలో చివరికి ఒక ఇంధనమే నిలుస్తుంది. అది ఏదో కొనకముందే తేల్చుకుంటే, దానికి తగ్గ యంత్రం దొరుకుతుంది.

చట్టం ఏమంటుంది?

1952 డిసెంబరులో లండన్‌ను ఐదు రోజులు కమ్మేసిన బొగ్గుపొగ మంచు వేలమంది ప్రాణాలు తీసింది. 1956లో వచ్చిన స్వచ్ఛ వాయు చట్టం బ్రిటన్ పట్టణాల్లో పొగ నిషిద్ధ ప్రాంతాలు ఏర్పరచింది. డబ్లిన్‌లో 1990 సెప్టెంబరు 1న పొగ ఎక్కువగా చిమ్మే పొగబొగ్గు అమ్మకం ఆపేశారు, అక్కడి గాలిలో నల్లపొగ 70 శాతం తగ్గింది. 2022 అక్టోబరు 31 నుంచి ఆ నిషేధం ఐర్లండ్ దేశమంతటికీ వర్తిస్తోంది. పీట్ గడ్డలను దుకాణాల్లోనూ ఇంటర్నెట్‌లోనూ అమ్మకూడదు. బురద నేలల్లో పీట్ తవ్వుకునే పాత హక్కున్న కుటుంబాలు మాత్రం తమ అవసరానికి వాడుకోవచ్చు. ఇంగ్లండ్‌లో 2021 మే నుంచి తక్కువ మొత్తంలో అమ్మే కట్టెలో తడి 20 శాతం మించకూడదు. పొగబొగ్గు సంచుల అమ్మకం అప్పుడే ఆగింది, విడిగా అమ్మకం 2023లో ఆగింది. పదిహేనేళ్లు నడవాల్సిన యంత్రం కొనేవాళ్లు ఈ నియమాలు ఇంకా బిగుస్తాయనే లెక్కలో పెట్టుకోవాలి.

ఆర్పలేని నిప్పు

పొయ్యిలో పది కిలోల బొగ్గు ఎర్రగా ఉన్నప్పుడు కరెంటు పోతే ఏమవుతుంది? నీళ్లు తిప్పే పంపు ఆగుతుంది, నిప్పు ఆగదు. కొద్ది నిమిషాల్లో బాయిలర్ చుట్టూ ఉన్న నీరు మరగడం మొదలవుతుంది. నూనె, గ్యాస్ బాయిలర్లలో లేని ఈ ప్రమాదం చుట్టూనే ఇక్కడి పైపుల అమరిక అంతా తిరుగుతుంది.

మొదటి రక్షణ, పంపు అవసరం లేని ఒక రేడియేటర్. బాయిలర్ పైనుంచి లావాటి పైపు, సాధారణంగా 28 మిల్లీమీటర్లది, వాలుగా పై అంతస్తులోని రేడియేటర్‌కు వెళ్తుంది. వేడి నీరు తేలికై తనంతట తానే పైకి పోతుంది, చల్లబడింది కిందికి దిగుతుంది. ఈ రేడియేటర్‌కు మూసే తిప్పుడు పిడి ఉండకూడదు. స్నానాల గదిలో తువ్వాళ్లు ఆరేసుకునే రేడియేటర్ చాలాచోట్ల ఈ పనే చేస్తుంటుంది. రెండో రక్షణ, అటక మీది చిన్న నీటి తొట్టె, దాని మీదికి తెరిచిన పైపు. నీరు మరిగినా ఆవిరికి బయటికి దారి ఉంటుంది. ఆ పైపు ఎప్పుడూ మూసుకుపోకూడదు. అటక మీద ఊలు పరిచాక పైన చలి పెరుగుతుంది కనుక, తొట్టెకూ పైపుకూ కూడా దుప్పటి చుట్టాలి. అక్కడ నీరు గడ్డకట్టి దారి మూసుకుపోతే కింద పొయ్యి వెలిగించడమంటే మూత బిగించిన పాత్రను మంట మీద పెట్టడమే. గట్టి చలికాలాల్లో బాయిలర్లు పేలి మనుషులు పోయిన సంఘటనలు బ్రిటన్‌లో ఉన్నాయి.

బాయిలర్‌కు తిరిగి వచ్చే నీరు మరీ చల్లగా ఉన్నా చిక్కే. 55 డిగ్రీలకు దిగువన ఉంటే లోపలి ఇనుప గోడల మీద చెమట పట్టి, తారుతో కలిసి తుప్పు పడుతుంది. అందుకే తిరుగు నీటిలో కాస్త వేడి నీరు కలిపి 60 దగ్గర నిలిపే కవాటం పెడతారు. ఖర్చు తగ్గించుకోవాలని దీన్ని వదిలేసినవాళ్లు నాలుగైదేళ్లకే బాయిలర్ మార్చుకోవాల్సి రావచ్చు.

పొగగొట్టం సంగతి సరేసరి. పాత ఇంటి గొట్టం వెడల్పుగా, లోపల సున్నం రాలి ఉంటుంది. దానిలో ఉక్కు తొడుగు దించడం మామూలు. కట్టె మాత్రమే కాల్చేచోట 316 రకం ఉక్కు సరిపోతుంది, బొగ్గు కూడా వేసేచోట 904 రకం కావాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు బ్రష్‌తో దులిపించాలి. మంటకు గాలి కావాలి కనుక, సందులన్నీ మూసిన ఇంట్లో బాయిలర్ ఉన్న గదికి మూయలేని గాలి కన్నం ఒకటి విడిగా పెట్టాలి. గాలి చాలకపోతే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. దాన్ని పసిగట్టే అలారం అదే గదిలో తప్పనిసరి.

ఏ ఇంటికి ఏది?

అయిదారు కిలోవాట్లు చాలే చిన్న ఇంటికి, మనుషులు సాయంత్రాలు ఒకే గదిలో గడిపే ఇంటికి, వెనక నీళ్ల పెట్టె ఉన్న పొయ్యి బాగుంటుంది. దాని వేడిలో కొంత గదికి, మిగతాది నీటికి పోతుంది. ఈ రెండు అంకెలూ విడివిడిగా చూడాలి. గదికే ఎక్కువ వస్తే కూర్చున్నవాళ్లు కిటికీలు తెరుస్తారు, పడకగదులు చల్లగానే ఉంటాయి.

సొంత చెట్లు, కొట్టం, వీపు బలం ఉన్న రైతు ఇంటికి ట్యాంకుతో కూడిన గ్యాసిఫికేషన్ బాయిలర్‌కు మించింది లేదు. అందులో బొగ్గు వెయ్యలేరు, అది లోపమూ కాదు. కట్టె కొంతకాలం దొరికి కొంతకాలం దొరకని చోట బహు ఇంధన బాయిలర్ సరైన ఎంపిక. రోజూ బూడిద ఎత్తడానికి ఒప్పుకున్నవాళ్లే దాన్ని తీసుకోవాలి. బొగ్గు బూడిద కట్టె బూడిద కంటే చాలా ఎక్కువ వస్తుంది, దాన్ని కూరగాయల మడిలో చల్లకూడదు. వయసు మీరిన దంపతులకు, వారంలో నాలుగు రోజులు ఊళ్లో లేనివాళ్లకు ఇది తగదు. అలాంటివాళ్లకు నూనె బాయిలర్‌నే ఉంచి, దాని పక్కన చిన్న పొయ్యి ఒకటి జతచెయ్యడం నయం. ఐర్లండ్‌లో చాలా ఇళ్లు అలాగే నడుస్తున్నాయి. అయితే రెండు బాయిలర్ల నీళ్లు ఒకదాన్నొకటి తోసుకోకుండా మధ్యలో సరైన కవాటాలో, వేర్వేరు చుట్లున్న ట్యాంకో ఉండాలి. ఆ పని నమోదైన ఘన ఇంధన పనివాళ్ల చేతే చేయించాలి. బ్రిటన్‌లో అలాంటివాళ్ల జాబితాను హెటాస్ అనే సంస్థ నిర్వహిస్తుంది. పని పూర్తయ్యాక వాళ్లిచ్చే ధ్రువపత్రాన్ని ఇంటి బీమా కోసం, తర్వాత ఇల్లు అమ్ముకోవడం కోసం దాచుకోవాలి.